మాచాని సోమప్ప

ఆదోని ప్రాంతమందలి నల్లరేగడి నేలలలో ప్రత్తి విస్తారముగా పండును. అది ఆదోని అంగడికి చేరి, అచ్చటి యంత్రములలో గింజ వీడి, బేళ్లుగా దూరదేశములకు పోవును. ఆదోనికి అనతిదూరమునగల ఎమ్మిగనూరు నేతపనికి పేరుపొందిన ఊరు. అయినను ఆ ఊరి నేతగానికి నూలు కొనుటకు చేత డబ్బుండెడిది కాదు. ప్రత్తి తన సీమలోనిదే. నూలు మాత్రము షావుకారు కొట్టులోనిది.

షావుకారు నూలు అరువిచ్చెడివాడు. నేసిన బట్ట మరల అతనికే ఇయ్యవలెను. వెల అతడు కట్టినదే వెల. ఆడువారు కండెలు చుట్టి, పిల్లలు చేతిసాయము చేసి, ఇంటిల్లిపాది పాటుపడినను బాకీ తీరెడిది కాదు. మగ్గము నేతగానిదే గాని, దానిపై పరచిన పడుగు పరులది.

వాన కురియని యేడు వీరి పాట్లు మరియు ఘోరము. పంట పోయిన రైతు బట్ట కొనడు. పొలములేని నేతగానికి అంతట కూలియే గతి. కరవుపనులలో దొరకునది రాళ్లు కొట్టుట. సన్నని దారమునకు అలవడిన వ్రేళ్లు సుత్తి పట్టి కాయలు కాచును. మరల మగ్గమున కూర్చుండినప్పుడు ఆ మొరటు వ్రేళ్లకు పోగు తగులుకొని తెగును. ఒకపూట గంజి కొరకు పనివాడు తన పనితనమునే పోగొట్టుకొనుట ఎంత దారుణము!

ఈ కష్టమునకు మందు అన్నదానము కాదనియు, చేతనైన పనిని చేతికిచ్చుటయే యనియు గ్రహించినవారు మాచాని సోమప్పగారు. 1938వ సంవత్సరమున వారు ఎమ్మిగనూరునందు నేతపనివారి సహకార సంఘమును స్థాపించిరి. సంఘము నూలు మొత్తముగా కొని సభ్యులకు ఇచ్చును. నేసిన బట్టను తీసికొని కూలి చెల్లించును. విక్రయభారము తానే వహించును. లాభము మిగిలినచో అది సభ్యులదే. నేతగాడు అచ్చట కూలివాడును, యజమానియు కూడ. చెప్పుటకిది సులభమే. కాని తరతరములుగా షావుకారును నమ్ముకొన్నవారు క్రొత్త సంఘమును నమ్ముట సులభమా? పైగా ఒకటి రెండేండ్లలోనే రెండవ ప్రపంచయుద్ధము వచ్చి, క్రమముగా నూలునకు కరవు కలిగెను. అట్టి దినములను దాటి సంఘము నిలిచినది.

నాడు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో నుండెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు అది కర్నూలు జిల్లాలో చేరెను. మరుసటి యేడే భారతప్రభుత్వము పద్మ బిరుదముల నెలకొల్పి, ఆ మొదటి యేటనే సోమప్పగారిని పద్మశ్రీతో గౌరవించెను.

తరువాతి దశాబ్దములలో మరమగ్గపు బట్ట చవుకగా వచ్చి, చేమగ్గముల చప్పుడు ఎమ్మిగనూరునను సన్నగిల్లెను. ఆ ఊరి నడుమ నాలుగు దారులు కలియు చోటును జనులు సోమప్ప సర్కిలని పిలుచుచున్నారు.