దామెర్ల రామారావు

దామెర్ల రామారావు (మార్చి 8, 1897 - ఫిబ్రవరి 6, 1925) సుప్రసిద్ధ చిత్రకారుడు. ఆధునికాంధ్ర చిత్రకళకు ఆద్యులలో ఒకడు. రాజమండ్రి (2015 నుండి అధికారికంగా రాజమహేంద్రవరం) ఇతని జన్మస్థలం. చిత్రకారునిగా ఇతనికి లభించిన కీర్తితో పోలిస్తే, ఇతడు స్థాపించిన సంస్థను గురించి ప్రస్తావన తక్కువ.

బాల్యము, విద్య

రామారావుకు చిన్ననాటి నుండి బొమ్మలు గీయడమంటే మక్కువ. ఆనాడు రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, కవి. విద్యార్థులను గోదావరి తీరానికి వెంటబెట్టుకొని వెళ్ళి చిత్రాలు వేయించేవాడు. అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం కూడా ఈ శిష్యబృందంలోని వారే. కూల్డ్రే ప్రోత్సాహంతోనే రామారావు 1916లో బొంబాయి వెళ్ళి, జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. అక్కడ పాశ్చాత్య పద్ధతిలో శిక్షణ పొందినప్పటికీ అజంతా చిత్రాల రేఖాలావణ్యం ఇతనిని విశేషంగా ఆకర్షించింది. ఈ రెండింటి కలయిక ఇతని చిత్రాలలో స్పష్టంగా కనిపిస్తుంది.

చిత్రకళాశాల, సొసైటీ

చదువు ముగిసిన తరువాత బొంబాయిలో స్థిరపడే అవకాశమున్నా రామారావు స్వస్థలానికి తిరిగివచ్చాడు. అప్పట్లో తెలుగు యువకులు చిత్రకళ నేర్వాలంటే బొంబాయికో, మద్రాసుకో, కలకత్తాకో పోవలసి వచ్చేది. అంత ఖర్చు భరించగలిగినవారు కొద్దిమందే. ఈ కొరత తీర్చడానికి మిత్రుల సహకారంతో 1920ల తొలినాళ్ళలో రాజమండ్రి చిత్రకళాశాలను, ఆంధ్ర సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్‌ను ఏర్పాటు చేశాడు. భారతీయ సంప్రదాయాన్ని విడువక, ఆంధ్రుల జీవితాన్ని, పరిసరాలను చిత్రించే కళాకారులను తయారుచేయడం వీటి ఆశయం. రామారావు భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. స్త్రీలు ఇంటి ముగ్గులకే పరిమితమైన ఆ రోజులలో ఇది చెప్పుకోదగిన విషయం.

రామారావు చిత్రాలలో ఋష్యశృంగ బంధనం, పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం, కార్తీక పౌర్ణమి ప్రఖ్యాతి పొందాయి. ఋష్యశృంగ బంధనానికి కలకత్తా ప్రదర్శనలో బహుమతి లభించింది. 1924లో లండన్ సమీపాన వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలోనూ ఇతని చిత్రాలు చోటుచేసుకున్నాయి.

మరణము, తదనంతరము

ఆ మరుసటి సంవత్సరమే మశూచి సోకి రామారావు మరణించాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండలేదు. సంస్థ ఇంకా వేళ్ళూనుకోనే లేదు. స్థాపకునితోనే అది అంతరించినా ఆశ్చర్యపోనక్కరలేదు. అయితే వరదా వెంకటరత్నం ఆ భారాన్ని తలకెత్తుకొని, చిత్రకళాశాలను నడిపి, ఎందరికో శిక్షణనిచ్చాడు. రామారావు చిత్రాలు చెల్లాచెదరు కాకుండా కుటుంబ సభ్యులు, మిత్రులు భద్రపరిచారు. రాజమండ్రిలో ఇతని పేరిట వెలసిన దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో అవి ప్రదర్శితమయ్యాయి.