స్వామి దర్శనం మానుకున్న అన్నపూర్ణ

అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరిన భక్తురాలు దారి మధ్యలోనే వెనుదిరిగిన వృత్తాంతం మీరు విన్నారా? ఆ సాధ్వీమణి డొక్కా సీతమ్మ.

ఆమె 1841లో మండపేటలో జన్మించారు. తండ్రి అనుప్పిండి భవానీశంకరం అన్నదాతగా పేరొందినవారే. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నను వివాహమాడి సీతమ్మ కోనసీమలో అడుగుపెట్టారు. గోదావరి పాయలుగా చీలి సాగరంలో కలిసే సీమ అది. రేవులు దాటి అలసి వచ్చే బాటసారులకు ఆ ఇల్లే ఆశ్రయం. ఏ వేళ ఎవరు వచ్చినా లేదనకుండా వడ్డించడం ఆమె నిత్యవ్రతం.

ఇల్లు విడిచి కదలని ఆ తల్లి ఒకసారి అంతర్వేదికి ప్రయాణమయ్యారు. దారిలో ఒక పెళ్లిబృందం తారసపడింది. ఆకలికి అలమటిస్తున్న పిల్లలను పెద్దలు, సీతమ్మగారి ఇల్లు చేరితే అన్నం దొరుకుతుందని ఊరడిస్తున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆమె పల్లకిని వెనక్కు మళ్లించి, వారికన్నా ముందే ఇల్లు చేరి వంట సిద్ధం చేశారని పెద్దలు చెబుతారు.

ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవానికి ఆహ్వానం అందినా ఆమె వెళ్లలేదని, ఆమె చిత్రపటాన్ని తెప్పించుకుని గౌరవించారని ప్రతీతి. 1909లో ఆమె పరమపదించారు. గన్నవరం వద్ద వైనతేయ గోదావరిపై నిర్మించిన అక్విడక్టు ఆమె పేరు ధరించింది. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆమె పేరే పెట్టారు.

ఆనాడు సీతమ్మకు స్వామి దర్శనం కాలేదని మీరు అనుకుంటున్నారా? ఆకలిగొన్న ఆ పసివారి ముఖాలలోనే ఆమెకు నరహరి సాక్షాత్కరించాడు. మీ గడపకు అన్నార్తులు వచ్చిననాడు ఆ తల్లిని స్మరించండి.