ఎండకి పెట్టిన గాజు గొట్టాలు

పటాన్‌చెరు దాటి సంగారెడ్డి బస్సులో వెళ్తుంటే ఒక్కోసారి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోవాల్సిందే. ఘాటు వాసన సరే, వాసనే లేని బొగ్గుపులుసు వాయువు సంగతేమిటి? అది ఎండ వేడిని పట్టి ఉంచుతుందని ప్రయోగం చేసి మొదట చెప్పింది ఓ ఇద్దరు బిడ్డల తల్లి అంటే ఆశ్చర్యంగా లేదూ!

ఆమె యూనిస్ న్యూటన్ ఫుట్. 1819లో అమెరికాలోని కనెక్టికట్‌లో పుట్టింది. ట్రాయ్ ఊళ్లోని ఆడపిల్లల విద్యాలయంలో చదివింది. 1841లో లాయరు ఎలీషా ఫుట్‌తో పెళ్లయింది. 1848లో సెనెకా ఫాల్స్ మహిళా హక్కుల సభ ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్లలో ఈమె కూడా ఉంది.

ఇక ప్రయోగమంటారా... రెండు గాజు గొట్టాలు, నాలుగు థర్మామీటర్లు, గాలి తోడే ఓ పంపు, అంతే! ఒక గొట్టంలో మామూలు గాలి, ఇంకోదాంట్లో బొగ్గుపులుసు వాయువు నింపి ఎండలో పెట్టింది. మామూలు గాలి 106 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఆగితే ఇది 125కి ఎక్కింది. ఎండలోంచి తీసినా ఓ పట్టాన చల్లారలేదు. గాలిలో ఈ వాయువు ఒకప్పుడు ఎక్కువగా ఉండి ఉంటే భూమి కూడా అప్పుడు బాగా వేడిగా ఉండేదని ఆమె తేల్చింది.

1856 ఆగస్టులో ఆల్బనీలో శాస్త్రజ్ఞుల సభ జరిగింది. అక్కడ ఆ పేపరు చదివింది ఆమె కాదు, జోసెఫ్ హెన్రీ అనే పెద్దాయన. సభ సంచికలో దాన్ని వెయ్యనే లేదు. నయం, వేరే సైన్సు పత్రికలో రెండు పేజీలు అచ్చయింది. మూడేళ్ల తర్వాత టిండాల్ ఇంకా మంచి పరికరాలతో కొలిచాడు. ఆయన పని గొప్పదే, కాదనం. కానీ పేరంతా ఆయనకే పోయింది.

ఈ వాయువంతా గాల్లోనే ఉండిపోదు. మనం వదిలేదాంట్లో సుమారు నాలుగో వంతు సముద్రాలు మింగుతున్నాయి. గోలీసోడా చూడండి, చల్లగా ఉన్నంతసేపూ గ్యాసు అణిగి ఉంటుంది, వెచ్చబడితే బుస్సుమంటుంది. సముద్రమూ అంతే, నీళ్లు వేడెక్కేకొద్దీ పట్టు సడలుతుంది. మన నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో, గోదావరి బంగాళాఖాతంలో కలుస్తాయి కదా! నీళ్లతో కొట్టుకొచ్చిన చెత్తాచెదారం కుళ్లినా ఇదే వాయువు పుడుతుంది. వానాకాలంలో గోదావరి సముద్రంలో కలిసేచోట నీళ్లు దాన్ని పీల్చుకోవడం పోయి పైకి వదులుతున్నాయని విశాఖ సముద్ర శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు.

యూనిస్ ఊరుకోలేదు. నడిస్తే కిర్రుమనని బూట్ల కోసం రబ్బరు అట్ట తయారుచేసి 1860లో పేటెంట్ తీసుకుంది. 1888లో కన్నుమూసింది. 2011లో రిటైరైన ఓ భూగర్భ శాస్త్రజ్ఞుడు పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఆమె పేరు మళ్లీ బయటపడింది.