జైపాల్ సింగ్ ముండా – ఫైనల్ ఆడని కెప్టెన్

మన దేశం ఒలింపిక్స్ హాకీలో మొట్టమొదటి బంగారు పతకం గెలిచింది 1928వ సంవత్సరంలో. అప్పుడు కెప్టెన్ ఎవరని మా తరగతిలో అడిగితే అందరూ ధ్యాన్‌చంద్ అన్నారు. ధ్యాన్‌చంద్ గారు ఆ జట్టులో ఉన్నారు, గోల్స్ కూడా ఆయనే ఎక్కువ కొట్టారు. కానీ కెప్టెన్ మాత్రం జైపాల్ సింగ్ ముండా గారు. ఆయన ఆదివాసీ. ఈ సంగతి తెలిసిన రోజు మా రూములో పిల్లలం లైట్లు ఆర్పినాక కూడా ఆయన గురించే మాట్లాడుకున్నాము. అందుకే ఈసారి గోడ పత్రికకు ఆయన జీవితం రాస్తున్నాను.

జైపాల్ సింగ్ గారు 1903 జనవరి 3న టక్రా అనే ఊళ్లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు జార్ఖండ్ రాష్ట్రం ఖూంటీ జిల్లాలో ఉంది. అప్పుడు జార్ఖండ్ అనే రాష్ట్రమే లేదు. రాంచీ దగ్గర అంటే మ్యాపులో దొరుకుతుంది. మన భద్రాచలం అడవిలో టేకు ఎక్కువ ఉన్నట్టే అక్కడ సాల్ చెట్లు ఎక్కువ. ఇప్ప చెట్లు మాత్రం అక్కడా ఉన్నాయి, ఇప్పపువ్వు వాళ్లు కూడా ఏరుకుంటారు. వాళ్లది ముండా తెగ, మాట్లాడేది ముండారీ. మన కోయ భాష తెలుగుకు చుట్టం అవుతుంది గానీ ముండారీ వేరే కుటుంబం భాష. బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడిన బిర్సా ముండా కూడా ఆ తెగవారే. బిర్సా 1900లో రాంచీ జైల్లో చనిపోయారు. ఆ తర్వాత మూడేళ్లకు ఈయన పుట్టారు.

ఇంట్లో పెట్టిన పేరు ప్రమోద్ పహాన్. పహాన్ అంటే అక్కడ ఊరి దేవతలకు పూజ చేసే ఆయన, మన దగ్గర వడ్డె ఉన్నట్టు. చిన్నప్పుడు పశువులు కాశారంట. తర్వాత రాంచీలో సెయింట్ పాల్స్ అనే మిషన్ బడిలో చేర్పించారు. ఆ బడి పెద్దసారు కాస్‌గ్రేవ్ అనే ఇంగ్లీషు పాదిరి. పిల్లవాడి చదువూ ఆటా చూసి ఆయన 1918లో తనతోపాటు ఇంగ్లండుకు తీసుకుపోయారు. అప్పటికి జైపాల్‌కు 15 ఏళ్లు. ఇక్కడ మనలో చాలామందిమి ఊరినుంచి బస్సులో రెండు గంటలు వచ్చి హాస్టల్లో చేరితేనే వారం రోజులు ఏడ్చాము. ఆయన ఓడ ఎక్కి సముద్రాలు దాటి పోయారు. అక్కడ ముండారీ మాట్లాడేవాళ్లు ఎవరుంటారు?

కాంటర్‌బరీలో కొన్నాళ్లు చదివి, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీలో చేరారు. అర్థశాస్త్రం చదివారు. చదువు ఒకవైపు, హాకీ ఒకవైపు. ఆయన ఆడే చోటు ఫుల్‌బ్యాక్. అంటే గోల్‌కీపర్‌కు ముందు నిలబడి, వచ్చిన బంతిని వచ్చినట్టే ఆపి తిప్పికొట్టాలి. గోల్ కొట్టిన వాళ్లకు వచ్చినంత పేరు ఈ చోట ఆడేవాళ్లకు రాదు. కానీ ఆయనకు వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ తరపున కేంబ్రిడ్జి మీద ఆడినవాళ్లకు బ్లూ అనే గౌరవం ఇస్తారు. హాకీలో ఆ బ్లూ తీసుకున్న మొదటి భారతీయ విద్యార్థి ఆయనే. హాకీ మీద పేపర్లకు వ్యాసాలు కూడా రాసేవారు. తర్వాత ఐ.సి.ఎస్.కు ఎంపికయ్యారు. ఐ.సి.ఎస్. అంటే అప్పట్లో కలెక్టర్లను తయారుచేసే ఉద్యోగం. ఇప్పటి ఐ.ఏ.ఎస్. లాంటిది. దాని శిక్షణ ఇంగ్లండులోనే జరుగుతోంది. ఆ మధ్యలోనే 1928 వచ్చింది.

ఇక్కడ ఆట సంగతి కొంచెం వివరంగా రాస్తాను. చలి దేశాల్లో మంచు గడ్డ మీద జారుకుంటూ ఆడే హాకీ ఒకటి ఉంది, మన పిల్లలు టీవీలో చూసి ఇదేం ఆట అని నవ్వారు. ఇది అది కాదు, నేల మీద ఆడేది. 1924 ఒలింపిక్స్‌లో హాకీ లేదు. 1928లో హాలండ్ దేశం ఆమ్‌స్టర్‌డాం నగరంలో మళ్లీ పెట్టారు. మన హాకీ సంఘం పుట్టిందే 1925లో. మూడేళ్లలో జట్టును తయారుచేసి పంపాలి. డబ్బులు చాలవు. ఇద్దరు ఆటగాళ్లు ఖర్చులకు లేక ఆగిపోవలసింది, బెంగాలు వాళ్లు సాయం చేస్తే పోగలిగారు. 1928 మార్చి 10న బొంబాయిలో ఓడ ఎక్కితే సాగనంపటానికి వచ్చింది ముగ్గురే ముగ్గురు మనుషులంట! మన పిల్లలు ఆటలకు పోయేటప్పుడు వంట అక్కలు కూడా గేటు దాకా వస్తారు. దేశం తరపున పోయేవాళ్లకు ముగ్గురేనా?

జట్టులో ఆంగ్లో ఇండియన్లు చాలామంది. ధ్యాన్‌చంద్ అప్పుడు పట్టాళంలో చిన్న సిపాయి. జైపాల్ సింగ్ ఇంగ్లండులో ఉన్నారు కాబట్టి జట్టు అక్కడికి చేరినాక కలిశారు. ఒకరినొకరు ఎరగని వాళ్లు, ఆడే పద్ధతి వేరు, నేల వేరు, చలి వేరు. ఒలింపిక్స్‌కు నెలన్నర మాత్రమే ఉంది. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఊరూరూ తిరిగి అక్కడి జట్లతో మ్యాచ్‌లు ఆడారు. ఫోక్‌స్టన్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో ఈస్టర్ పండుగకు హాకీ ఆటలు జరిగితే అక్కడా ఆడారు. ఆడుతూ ఆడుతూనే జట్టు అయ్యింది. ఇది నాకు బాగా నచ్చిన సంగతి. ఎందుకంటే మన ఖోఖో జట్టు కూడా అంతే. జోనల్ ఆటలకు ముందు వేరే వేరే తరగతుల పిల్లలను కలిపితే మొదటి వారం ఒకరి మీద ఒకరు పడటమే. పక్క బడి వాళ్లతో నాలుగు ఆటలు ఆడినాకే ఎవరు ఎటు తిరుగుతారో తెలిసింది.

ఆమ్‌స్టర్‌డాంలో తొమ్మిది దేశాల జట్లు ఆడాయి. బ్రిటన్ మాత్రం హాకీ జట్టును పంపలేదు. తొమ్మిదింటిని రెండు గుంపులు చేశారు. ఒక్కో గుంపులో మొదట నిలిచిన జట్టే ఫైనల్‌కు పోవాలి. మన గుంపులో మనం ఆస్ట్రియా మీద 6, బెల్జియం మీద 9, డెన్మార్క్ మీద 5, స్విట్జర్లాండ్ మీద 6 గోల్స్ కొట్టాము. మన మీద ఒక్క గోల్ కూడా పడలేదు. ఫైనల్ మే 26న, హాలండ్‌తో. వాళ్ల సొంత ఊళ్లో.

ఆ ఫైనల్‌లో కెప్టెన్ లేరు.

జట్టును నడిపించే వాళ్లతో మాటా మాటా పడక జైపాల్ సింగ్ గారు ఫైనల్‌కు ముందే జట్టును వదిలిపెట్టి వెళ్లిపోయారు. ఆయన బదులు పిన్నిగర్ అనే ఆయన కెప్టెన్‌గా దిగారు. ఇంకా కొంతమందికి జ్వరం, కొంతమందికి దెబ్బలు. ధ్యాన్‌చంద్‌కు కూడా ఒళ్లు బాగాలేదు. అయినా 3-0తో గెలిచారు. మొత్తం ఐదు ఆటల్లో 29 గోల్స్ కొట్టి ఒక్కటి కూడా ఇవ్వలేదు. బంగారు పతకం. తిరిగి బొంబాయికి వస్తే రేవు నిండా జనమే, పోయేటప్పుడు ముగ్గురు, వచ్చేటప్పుడు లెక్కలేదు.

మా రూములో ఈ విషయం మీద పెద్ద వాదన జరిగింది. కెప్టెన్ ఏమైనా సరే జట్టును వదలకూడదని కొందరు. గౌరవం లేని చోట ఎందుకుండాలని కొందరు. నాకైతే ఆయన ఉండి ఫైనల్ ఆడి ఉంటే బాగుండేది అనిపిస్తుంది. ఎందుకంటే మన దగ్గర ఆడపిల్లలు జట్టునుంచి పోయేది గొడవ పడి కాదు. పత్తి తియ్యటానికి మనిషి తక్కువైందని ఇంటినుంచి కబురు వస్తే పోతారు. ఒక సంవత్సరం మా కెప్టెన్ అక్క అలాగే పోయింది. జోనల్ ఆటలు అయిపోయినాక వచ్చింది, చేతులనిండా గీరుకుపోయిన గాట్లు. మేము గెలిచిన కప్పును రెండు చేతులతో పట్టుకొని చూసి మళ్లీ అక్కడే పెట్టింది. ఆమెకు అవకాశం ఉంటే ఆడేది. అయితే జైపాల్ సింగ్ గారి మనసులో ఏం బాధ ఉందో అది కూడా ఆలోచించాలి. పాతికేళ్లవాడు, దేశం జట్టుకు కెప్టెన్, అందరిలో ఒక్కడే ఆదివాసీ.

ఆ ఆటకోసం ఆయన పోగొట్టుకున్నది కూడా చిన్నది కాదు. ఐ.సి.ఎస్. శిక్షణలో సెలవు దొరకకపోయినా ఒలింపిక్స్‌కు పోయారు. తిరిగి వచ్చినాక ఇంకో సంవత్సరం శిక్షణ చెయ్యాలన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఆ ఉద్యోగమే వదులుకున్నారు. మా అమ్మకు ఈ సంగతి చెప్తే కలెక్టరు ఉద్యోగం ఆటకోసం వదిలాడా అని నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

తర్వాత చాలా పనులు చేశారు. బర్మా షెల్ అనే చమురు కంపెనీలో ఉద్యోగం, ఆఫ్రికాలో ఇప్పుడు ఘనా అనే దేశంలో అచిమోటా కాలేజీలో పంతులు, రాయ్‌పూర్ రాజకుమార్ కాలేజీలో, తర్వాత బికనీర్ సంస్థానంలో పెద్ద పదవి. ఇట్లాగే ఉండిపోతే హాయిగా గడిచిపోయేది. కానీ రాంచీలో ఆదివాసీలు ఆదివాసీ మహాసభ అని ఒక సంఘం పెట్టుకున్నారు. 1939 జనవరిలో దాని సభకు ఈయనను అధ్యక్షుడుగా పిలిచారు. అడవుల్లోనుంచి వేలమంది నడిచి వచ్చారు. అప్పటినుంచి ఆయనను మరంగ్ గోమ్కే అన్నారు. ముండారీలో పెద్ద నాయకుడు అని అర్థం. ఇంగ్లండులో చదివి సూటు వేసుకునే మనిషి, సొంత ఊరి భాషలో ఆ పేరు సంపాదించుకున్నారు.

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. మన సాంఘికశాస్త్రం పుస్తకంలో రాజ్యాంగ సభ పాఠం ఉంది గానీ అందులో ఈయన పేరు నాకు కనబడలేదు. ఆ ఏడాది డిసెంబరులో ఆయన లేచి, తనను అడవివాడు అనటం తనకు గర్వమే అని చెప్పారు. ప్రజాస్వామ్యం ఆదివాసీలకు ఎవరూ నేర్పనక్కర్లేదని, వాళ్లదగ్గరే నేర్చుకోవాలని అన్నారు. మన ఊళ్లలో పెద్దలు, కులపెద్దలు చెట్టు కింద కూర్చుని అందరి మాటా విని తేల్చటం చూసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. ఇంకో మాట కూడా అన్నారు: ఈ సభలో మగవాళ్లే ఎక్కువగా ఉన్నారు, ఆడవాళ్లు ఇంకా కావాలని. ఆ సభలో ఆడవాళ్లు మొత్తం 15 మందే.

ఆదివాసీ అనే మాట రాజ్యాంగంలో ఉండాలని ఆయన చాలా పట్టుబట్టారు. ఒప్పుకోలేదు. షెడ్యూల్డ్ తెగలు అని రాశారు. అందుకే మన సర్టిఫికెట్లలో కూడా అదే ఉంటుంది. మన భద్రాచలం ఏజెన్సీ ఐదో షెడ్యూలు కింద ఉందని సార్లు చెప్తారు కదా, ఆ ఐదో షెడ్యూలు మీద మాట్లాడినప్పుడు కూడా గిరిజన సలహా మండలికి ఇంకా బలం కావాలని వాదించారు. మద్యనిషేధం గురించి వస్తే, బియ్యపు కల్లు ఆదివాసీల పూజలో భాగం కాబట్టి దాన్ని ఆపకూడదని అన్నారు. వేల్పులకు ఇప్పసారా ధార పొయ్యకుండా మన పండుగ కూడా జరగదు, అది నిజమే. కానీ ఈ ఒక్క మాట మా ఊరి ఆడవాళ్లముందు అని ఉంటే ఆయనకు జవాబు దొరికేది. పూజకు పోసేది దొప్పెడు, మిగిలింది ఎవరు తాగుతున్నారు?

1950లో జార్ఖండ్ పార్టీ పెట్టారు. ఆదివాసీలకు వేరే రాష్ట్రం కావాలని కోరిక. గుర్తు కోడిపుంజు. 1952 ఎన్నికల్లో బీహారు అసెంబ్లీలో 30 సీట్లకు పైగా గెలిచారు. కానీ రాష్ట్రాలను విడదీసిన సంఘం 1955లో వాళ్ల కోరికను ఒప్పుకోలేదు. పార్టీ మెల్లగా నీరసపడింది. 1963లో ఆయన దాన్ని కాంగ్రెసులో కలిపేశారు. నమ్ముకున్నవాళ్లు చాలామంది బాధపడ్డారు, కోపం చేశారు. మళ్లీ ఫైనల్‌కు ముందే వెళ్లిపోయారు అని మా రూములో ఒక పిల్ల అంది. నాకు అప్పుడు జవాబు తోచలేదు. తర్వాత ఆలోచిస్తే ఇది అదీ ఒకటి కాదనిపించింది. ఇరవై నాలుగేళ్లు తిరిగారు. మొదటి లోక్‌సభ నుంచి చనిపోయేదాకా ఎం.పి.గానే ఉన్నారు.

చివరి రోజుల్లో తన జీవితకథ రాసుకున్నారు. దాని పేరు లో బీర్ సేంద్రా. మండుతున్న అడవిలో వేట అని అర్థం. అది పుస్తకంగా వచ్చింది 2004లో, అంటే ఆయన పోయిన 34 ఏళ్లకు. 1970 మార్చి 20న ఢిల్లీలో చనిపోయారు. అదే ఏడాది ఫిబ్రవరి 3 నుంచే మన దగ్గర ఏజెన్సీ భూములు గిరిజనేతరులకు పోకుండా 1/70 చట్టం అమల్లోకి వచ్చింది. రెండింటికీ సంబంధం లేదు, తేదీలు చూస్తుంటే నాకు కనబడింది, రాశాను.

జార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబరు 15న, బిర్సా ముండా పుట్టినరోజున ఏర్పడింది. రాంచీలో జైపాల్ సింగ్ పేరుతో స్టేడియం ఉంది. ఆయన పుట్టిన ఖూంటీలోనూ, పక్కన సిమ్‌డేగాలోనూ ఇప్పుడు ఆదివాసీ పిల్లలు చిన్నప్పటినుంచే హాకీ ఆడతారు, స్టిక్కు లేకపోతే వెదురు కర్రతో ఆడతారు. ఖూంటీ జిల్లా హేసల్ ఊరినుంచి నిక్కీ ప్రధాన్ అనే అక్క 2016లో రియో ఒలింపిక్స్ ఆడింది. సిమ్‌డేగా నుంచి సలీమా టేటే అనే అక్క 2018లో యూత్ ఒలింపిక్స్‌లో మన పిల్లల జట్టుకు కెప్టెన్‌గా పోయి వెండి పతకం తెచ్చింది. 2021లో టోక్యోలో ఇద్దరూ ఒకే జట్టులో ఆడారు. కంచు పతకం కోసం చివరి ఆట బ్రిటన్‌తో పడింది. 3-4తో ఓడిపోయారు గానీ ఆట అయ్యేదాకా మైదానంలోనే ఉన్నారు. 2024లో పెద్దల జట్టుకే సలీమాను కెప్టెన్ చేశారు.

– 9వ తరగతి విద్యార్థిని