మాట నిలిపిన వణిక్పుంగవుడు – జంషెడ్జీ నసర్వాన్‌జీ టాటా

ధనము నార్జించువారు లోకమున పెక్కుమంది కలరు. ఆర్జించిన ధనము నశించినవేళ, ఇచ్చిన మాటను నిలుపుకొనువారు మాత్రము అరుదు. అట్టి అరుదైనవారిలో జంషెడ్జీ టాటా అగ్రగణ్యులు.

గుర్జర దేశమున నవసారి యను పట్టణము కలదు. పారశీకము నుండి పెక్కు శతాబ్దములకు పూర్వము మన దేశమునకు వచ్చి, పార్సీలను పేరున ప్రసిద్ధులైన జరతుష్ట్ర మతస్థుల పురోహితులకు అది ముఖ్యస్థానము. టాటావంశము వారు అచ్చటి పురోహితులు. అగ్నిని ఆరాధించుట, ఇతరుల యిండ్ల శుభాశుభ కర్మలను జరిపించుట తరతరములుగా వారికి వృత్తియై యుండెను. ఆ వంశమున మొట్టమొదట వాణిజ్యమున అడుగిడినవారు నసర్వాన్‌జీ. తాతముత్తాతల వృత్తిని వీడి, ఎరుగని నగరమైన బొంబాయికి చేరి, స్వయంకృషిచే ఎగుమతి వ్యాపారము నెలకొల్పిన సాహసి ఆయన.

ఆయన కుమారుడు జంషెడ్జీ 1839 మార్చి 3వ తేదీన నవసారిలో జన్మించిరి. పదునాలుగవ యేట తండ్రియొద్దకు బొంబాయి చేరి, ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి, 1858లో విద్య ముగించి తండ్రి వ్యాపారమున చేరిరి. మరుసటి యేడు హాంకాంగు నగరమునకు వెడలిరి. ఆ కాలపు పెక్కు బొంబాయి వర్తకులవలె వారును చీనాకు ప్రత్తిని, నల్లమందును ఎగుమతి చేయుచుండిరి.

1861లో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగెను. అచ్చటి ప్రత్తి ఇంగ్లండులోని మిల్లులకు అందక, మన దేశపు ప్రత్తికి ఎన్నడును లేని ధర పలికెను. బొంబాయిలో ధనము వరదయై పారెను. దినమునకొక కొత్త కంపెనీ వెలసెను. 1865లో యుద్ధము ముగిసినంతనే ప్రత్తి ధర కుప్పకూలి, నిన్నటి కోటీశ్వరులు నేడు ఋణగ్రస్తులైరి.

అప్పుడు జంషెడ్జీ లండనులో ఉండిరి. వారి చేతనున్న హుండీలు చిత్తుకాగితములతో సమానమయ్యెను. వయస్సు ఇరువదియారేండ్లు, పరాయి దేశము, చుట్టును అప్పులవారు. అయినను వారు ముఖము చాటువేయక, తామే ఋణదాతల కడకేగి లెక్కలన్నియు వారి ముందుంచిరి. ఆ యువకుని నిజాయితీని చూచి, ఆ సంస్థ లావాదేవీలను పరిష్కరించు బాధ్యతను ఋణదాతలు ఆయనకే అప్పగించి, నెలకు 20 పౌనుల వేతనము నేర్పరచిరి. ఇచ్చట బొంబాయిలో వృద్ధుడగుచున్న తండ్రి తన గృహమును విక్రయించి బాకీలు చెల్లించెను. ఇల్లు పోయినను ఇంటి పేరు నిలిచెను.

అబిసీనియా దండయాత్రకు పోవు సైన్యమునకు సరకులు చేర్చు కాంట్రాక్టులో నసర్వాన్‌జీకి భాగము లభించి, కుటుంబము తేరుకొనెను. 1868లో జంషెడ్జీ 21,000 రూపాయల మూలధనముతో స్వంత వ్యాపారము ప్రారంభించిరి. చించ్‌పోక్లీలో దివాలా తీసిన నూనె మిల్లును కొని, దానిని నూలు మిల్లుగా మార్చి, రెండేండ్లలో లాభమునకు విక్రయించిరి. పిమ్మట లాంకషైరునకేగి నూలు పరిశ్రమ మర్మములను స్వయముగా పరిశీలించిరి.

మిల్లులన్నియు బొంబాయిలోనే వెలయుచున్న ఆ దినములలో వారు నాగపురమును ఎన్నుకొనిరి. ప్రత్తి పండు నేల, బొగ్గు, రైలుమార్గము మూడును అచ్చట చేరువలో కలవు. వారు కొన్న స్థలము చిత్తడి నేల. దానిని పూడ్పించుచుండగా చూచి, బంగారమును మట్టిలో కలుపుచున్నారని ఒక షాహుకారు అప్పిచ్చుటకు నిరాకరించెనట. అనంతర కాలమున ఆయనయే, మట్టినుండి బంగారము తీసిరని ఒప్పుకొనెనట. 1874లో 15 లక్షల రూపాయల మూలధనముతో ఏర్పడిన ఆ కంపెనీవారి ఎంప్రెస్ మిల్లు 1877 జనవరి 1వ తేదీన ప్రారంభమయ్యెను. కార్మికులు తరచుగా పనికి రాకుండుట చూచి, వారిని దండించుటకు మారుగా బహుమతులను ఏర్పాటు చేసిరి; మిల్లులోనికి గాలి, చల్లదనము వచ్చు సాధనములను అమర్చిరి; 1886లో పింఛను నిధిని నెలకొల్పిరి. చట్టమేదియు నిర్బంధింపకమునుపే చేసిన పనులివి.

సంపద పెరిగిన కొలది వారి చింతన స్వార్థమును దాటెను. ఉక్కు, జలవిద్యుత్తు, విజ్ఞానశాస్త్రము – ఈ మూడును లేనిదే దేశమునకు పురోగతి లేదని నమ్మిరి. 1892లో ఉన్నతవిద్యకై విదేశములకేగు విద్యార్థుల కొరకు నిధి నెలకొల్పిరి. 1898లో విజ్ఞాన విద్యాలయమునకై సుమారు 30 లక్షల రూపాయల ఆస్తిని ఇచ్చుటకు సిద్ధపడిరి. ఉక్కు కర్మాగారమునకై అరువదియేండ్ల వయస్సు దాటినను 1902లో అమెరికాకేగి నిపుణులను సంప్రదించిరి.

ఈ మూటిలో ఒక్కదానినైనను కన్నులార చూచు భాగ్యము వారికి లభింపలేదు. 1904 మే 19వ తేదీన జర్మనీలోని నౌహైములో దేహము చాలించిరి. తండ్రి మాటను కుమారులు దొరాబ్జీ, రతన్‌జీలు తమ మాటగా భావించిరి. 1907లో ఉక్కు కంపెనీ ఏర్పడెను; 1912లో ఉక్కు తయారయ్యెను. మైసూరు ప్రభుత్వము 371 ఎకరముల భూమి నొసగగా, 1909లో బెంగుళూరున విజ్ఞాన విద్యాలయము నెలకొనెను. 1915లో ఖోపోలీనుండి బొంబాయికి విద్యుత్తు ప్రవహించెను. సాక్చీ గ్రామము 1919లో జంషెడ్‌పురమను పేరు దాల్చెను.

నాడు లండనులో హుండీలు చెల్లనివేళ ఆ యువకుడు దాగియుండినచో ఈ కథ అచ్చటనే ముగిసియుండెడిది. పిల్లలకు ఆస్తిని విడిచిపోవు తల్లిదండ్రులు ఎందరో కలరు. ఇల్లమ్మియైనను అప్పు తీర్చిన తండ్రి, లెక్కలను దాచని కొడుకు తమ సంతతికి విడిచిపోయిన ఆస్తి నమ్మకము. మిగిలిన దంతయు దానిపై కట్టినదే.