క్షణాలకు ఆయువు పోసిన ‘రాజా’
నెక్కొండ అడవి నుంచి నిజాం కొలువు దాకా.. గాజు పలకలపై దీన్‌ దయాళ్‌ లోకం
నేటికీ చెక్కుచెదరని నూట ఇరవై ఏళ్ల నాటి చిత్రాలు
జులై 5 ఆయన వర్ధంతి

నెక్కొండ (వరంగల్‌ జిల్లా): అది 1902 ఏప్రిల్‌ మాసం. నెక్కొండ సమీపంలోని అడవిలో వేట శిబిరం వెలిసింది. నాటి వైస్రాయ్‌ లార్డ్‌ కర్జన్‌, ఆయన సతీమణి మేరీ కర్జన్‌ నిజాం అతిథులుగా పులుల వేటకు విచ్చేశారు. వేట ముగిసింది. నేలకొరిగిన పులి ముందుండగా దంపతులిద్దరూ కెమెరా ఎదుట నిలిచారు. ఆ చిత్రం హైదరాబాద్‌ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌ దయాళ్‌ పేరిట చరిత్రలో నిలిచిపోయింది. మేరీ కర్జన్‌ మరో నాలుగేళ్లకే, 1906లో కన్నుమూశారు. కర్జన్‌ 1925లో మరణించారు. వైస్రాయ్‌ పదవే దేశం నుంచి నిష్క్రమించింది. మిగిలింది ఒక్క ఫొటో. నిమిషంలో కరిగిపోవాల్సిన దృశ్యానికి శతాబ్దం దాటిన ఆయువు పోసిన ఆ కళాకారుడి ప్రస్థానం ఆసక్తికరం.

కొలతల నుంచి కెమెరా వైపు..

దీన్‌ దయాళ్‌ 1844లో మీరట్‌ సమీపంలోని సర్ధనాలో జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామ్సన్‌ ఇంజినీరింగ్‌ కళాశాలలో చదివి, 1866లో ఇండోర్‌లోని ప్రజాపనుల శాఖ కార్యాలయంలో ఉద్యోగంలో చేరారు. అంచనాలు కట్టడం, నమూనాలు గీయడం ఆయన పని. గోడ ఎత్తెంత, కమాను వంపెంత అని లెక్కగట్టే ఆ కన్ను 1874 ప్రాంతంలో కెమెరా వైపు మళ్లింది. ఇండోర్‌ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్‌, బ్రిటిష్‌ ప్రతినిధి సర్‌ హెన్రీ డాలీ ఆయనను ప్రోత్సహించారు. మరుసటి ఏడాదే వేల్స్‌ యువరాజు భారత పర్యటనను చిత్రించే అవకాశం దక్కింది.

ఆనాడు ఫొటో తీయడమంటే నేటిలా మీట నొక్కడం కాదు. గాజు పలకపై కొలోడియన్‌ అనే జిగురు ద్రావణం పూయాలి. వెండి లవణపు నీటిలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో అమర్చి చిత్రం తీసి, వెంటనే చీకటి గుడారంలో కడగాలి. పలక ఆరిందా.. శ్రమంతా వృథా. బరువైన కెమెరా, రసాయనాల సీసాలు, గాజు పెట్టెలు, గుడారం.. అన్నీ ఎడ్ల బండ్లపైనో, కూలీల తలలపైనో కదలాలి. ఎదుట కూర్చున్నవారు కొన్ని క్షణాలపాటు కదలరాదు. కదిలితే ముఖం మసకబారుతుంది. నాటి ఫొటోల్లో పెద్దలు బిగుసుకుపోయి కనిపించడానికి కారణమిదే. తర్వాతి కాలంలో ముందే తయారుచేసిన పొడి పలకలు రావడంతో పని కొంత సులువైంది.

శిథిలాలకు చిత్ర రూపం

1882లో సర్‌ లెపెల్‌ గ్రిఫిన్‌ వెంట ఆయన మధ్య భారతమంతా పర్యటించారు. గ్వాలియర్‌ కోట, సాంచి స్తూపం, ఖజురహో ఆలయాలు, ఓర్ఛా మహళ్లు గాజు పలకలపైకి ఎక్కాయి. ఆ చిత్రాలతో 1886లో లండన్‌లో వెలువడిన గ్రంథం ఆయన పేరును దేశం దాటించింది. ఇంజినీరుగా శిక్షణ పొందిన చూపు కావడంతో కట్టడం ఏ కోణంలో నిండుగా కనబడుతుందో, ఏ వేళ ఎండ శిల్పాన్ని లేపి చూపుతుందో ఆ చిత్రాల్లో స్పష్టంగా తెలుస్తుంది.

భాగ్యనగరంలో వైభవం

ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ 1880లలో ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా నియమించారు. సికింద్రాబాద్‌లో స్టూడియో వెలిసింది. దర్బారులు, విందులు, సైనిక కవాతులు, కోటలు, సమాధులు, నవాబుల భవంతులు.. ఆయన కంటబడనిది లేదు. 1893లో హైదరాబాద్‌ వచ్చిన ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్‌ ఫెర్డినాండ్‌ను వేటలో ఆయన కెమెరా బంధించింది. 1914లో అదే యువరాజు హత్యతో మొదటి ప్రపంచ యుద్ధం రాజుకుంటుందని ఆనాడు ఎవరూ ఊహించలేదు. రాబోయే విషాదం తెలియని ఒక ఉల్లాస క్షణం ఆ పలకపై అలాగే నిలిచిపోయింది.

1892లో మహిళల కోసం ప్రత్యేక జెనానా స్టూడియో ప్రారంభించారు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పరపురుషుడి ముందుకు రారు కనుక, దాని బాధ్యతను కెన్నీ లెవిక్‌ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. అంతఃపురం దాటని ముఖాలకూ ఒక జ్ఞాపకం మిగలాలన్న ఆలోచన ఆ కాలానికి పెద్ద ముందడుగే. 1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్‌ ముసవ్విర్‌ జంగ్‌ బిరుదునిచ్చి గౌరవించారు. ముసవ్విర్‌ అంటే చిత్రకారుడు. విక్టోరియా రాణి నుంచి సైతం నియామక పత్రం అందింది. 1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచారు.

వెలుగు వెనుక చీకటి

ఆయన పలకలపై ఉన్నది వైభవం ఒక్కటే కాదు. 1899-1900లో నిజాం రాజ్యాన్ని కరవు కాటేసినప్పుడు సహాయక పనుల చిత్రాలూ ఆయన స్టూడియో నుంచి వెలువడ్డాయి. పట్టెడన్నం కోసం పనులకు చేరిన బక్కచిక్కిన జనం వాటిలో కనిపిస్తారు. దర్బారు చిత్రాల్లోని నవాబులకు పేర్లున్నాయి, బిరుదులున్నాయి. కరవు చిత్రాల్లోని వారికి అవి లేవు. నెక్కొండ అడవిలో పులిని తోలుకొచ్చిన వారి పేర్లూ ఎక్కడా కానరావు. కెమెరా అందరినీ ఒకేలా చూసినా, రాత మాత్రం కొందరినే గుర్తుంచుకుంది.

రాతి మహలు పోయె.. గాజు పలక నిలిచె

విచిత్రమేమిటంటే, శాశ్వతమనుకున్న భవనాలు కనుమరుగై, చేయి జారితే పగిలే గాజు పలకలు నిలిచాయి. సర్‌ ఆస్మాన్‌ జా నిర్మించిన బషీర్‌బాగ్‌ ప్యాలెస్‌ నేడు లేదు. ఆ పేరు హైదరాబాద్‌లో ఒక కూడలికీ, బస్టాపుకూ మిగిలింది. భవనం ఎలా ఉండేదో చూడాలంటే దీన్‌ దయాళ్‌ చిత్రమే ఆధారం. 1908 సెప్టెంబర్‌లో మూసీ ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తింది. అంతకుముందున్న హైదరాబాద్‌ రూపురేఖలు తెలుసుకోవడానికీ ఆయన చిత్రాలే దిక్కు.

చివరి రోజుల్లో ఆయనను పుత్రశోకం కుంగదీసింది. కుమారుడు ధరమ్‌చంద్‌ 1904లో మరణించారు. మరుసటి ఏడాది, 1905 జులై 5న దీన్‌ దయాళ్‌ బొంబాయిలో కన్నుమూశారు. మరో కుమారుడు జ్ఞాన్‌చంద్‌ సికింద్రాబాద్‌ స్టూడియోను కొనసాగించారు. కుటుంబం వద్ద మిగిలిన గాజు పలకల్లో 2,857ను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించి భద్రపరిచింది. ఆయన జీవితకాల శ్రమలో అది కొంత భాగం మాత్రమే. 2006లో తపాలా శాఖ ఆయన స్మారకంగా స్టాంపు విడుదల చేసింది.

ప్రతి ఇంటికీ ఒక పాఠం

దీన్‌ దయాళ్‌ స్టూడియో చిత్రాల్లో చాలావాటి అడుగున ఒక సంఖ్య, స్థలం పేరు రాసి ఉంటాయి. నెక్కొండ పేరు వేట చిత్రంతో పాటు నిలిచిందంటే అలాంటి ఒక్క పంక్తి రాత వల్లే. పల్లెల్లో నేటికీ ఎన్నో ఇళ్ల గోడలపై తాతముత్తాతల ఫొటోలు చెమ్మకు, చెదలుకు ఆహుతవుతున్నాయి. మరికొన్నింటిలో ఉన్నదెవరో చెప్పగలిగిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. సెల్‌ఫోన్‌లో వందల చిత్రాలు తీసే ఈ తరానికి తీయడం సులువు, దాచడమే కష్టం. పాత ఫొటో వెనుక పేరు, ఊరు, సంవత్సరం పెన్సిల్‌తో రాసి ఉంచితే చాలు.. కరిగిపోయే క్షణానికి మరో తరం ఆయువు తోడవుతుంది. ఆ మహనీయుడికి అదే నిజమైన నివాళి.