సెర్గీ వినోగ్రాడ్‌స్కీ

పిడికెడు మట్టిలో కోట్లకొలది సూక్ష్మజీవులు నివసిస్తాయి. వాటిలో దేనికి ఏది ఆహారమో తెలుసుకోవడానికి జీవితాన్ని ధారపోసినవాడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ. ఆయన 1856లో కీవ్ నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. న్యాయశాస్త్రంలో చేరి విడిచిపెట్టాడు. పియానో అభ్యసించి, దానితోనూ తృప్తి చెందక విజ్ఞానశాస్త్రాన్ని ఆశ్రయించాడు.

1885లో స్ట్రాస్‌బర్గ్ చేరి, గంధకపు ఊటలలో పెరిగే బెగ్గియాటోవా అనే బాక్టీరియాను పరిశీలించాడు. కుళ్ళిన గుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడు వాయువు ఉన్న నీటిలో ఉంచితే దాని దేహం గంధకపు రేణువులతో నిండేది. ఆ వాయువు లేని నీటిలోకి మార్చితే రేణువులు క్రమంగా మాయమయ్యేవి. గంధకమే దానికి శక్తినిచ్చే ఇంధనమని 1887లో ఆయన ప్రకటించాడు.

ఆనాడు బాక్టీరియాను మాంసరసంతో, జెలటిన్‌తో పెంచడం ఆచారం. మట్టిలో అమ్మోనియాను నైట్రేటుగా మార్చే జీవులు మాత్రం ఆ విందును ముట్టలేదు. అతిథి పథ్యమేమిటో అడగకుండా వడ్డించిన ఆతిథ్యమది! జ్యూరిచ్‌లో వినోగ్రాడ్‌స్కీ విందునే ఎత్తివేశాడు. సేంద్రియ పదార్థమేదీ చేర్చని లవణజలంలో అమ్మోనియాను ఆహారంగా ఉంచాడు. ఆ జీవులు పెరిగాయి. సుమారు 35 పాళ్ళ నత్రజనిని ఆక్సీకరిస్తే ఒక పాలు కర్బనం వాటి దేహంలో చేరుతున్నదని ఆయన కొలిచి చూపాడు. ఇది 1890 నాటి మాట.

తరువాత పీటర్స్‌బర్గ్‌లో పనిచేసి, ఉద్యోగం విరమించి స్వంత ఎస్టేటుకు మరలాడు. రష్యా విప్లవంలో సర్వస్వం కోల్పోయి దేశం విడిచాడు. 1922లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ ఆహ్వానించేనాటికి ఆయనకు అరవై అయిదేళ్ళు దాటాయి.

ఆ వయస్సులో ఆయనను ఒక సందేహం వెంటాడింది. పోషకాలు నింపిన గాజుపాత్రలో త్వరగా పెరిగేవీ, పొలంలో నిత్యం పనిచేసేవీ ఒకటేనా? రంగు వేసిన మట్టిని నేరుగా సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆహారం కలపని మట్టిలో ఎక్కువగా చిన్నచిన్న గుండ్రని కణాలే కనిపించాయి. ఆహారం కలిపితే మరికొన్ని జాతులు ఒక్కసారిగా విజృంభించి, అది తీరగానే అణగిపోయాయి. ఈ చిక్కు నేటికీ తీరలేదు. ఇప్పుడు 31 రకాల కర్బన ఆహారాలున్న పలక గుంటలలో మట్టి కలిపిన నీటిని పోసి, ఏర్పడే ఊదారంగు గాఢతను బట్టి ఏ ఆహారాన్ని ఎంత వాడుకున్నాయో కొలుస్తున్నారు. ఆ రంగు కూడా విందుకు లేచివచ్చిన వాటి లెక్కనే ఎక్కువగా చెబుతుంది.

బ్రీ-కోంత్-రోబేర్ అనే ఫ్రెంచి పట్టణంలో ఆయన ఈ పరిశోధన సాగించాడు. మట్టి సూక్ష్మజీవులపై తన కృషినంతటినీ ఒక గ్రంథంగా కూర్చి 1949లో వెలువరించాడు. 1953లో, తొంభై ఆరేళ్ళ వయస్సులో, అక్కడే కన్నుమూశాడు.